అడిడాస్: రెండుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టిన ఆడి డాస్లర్

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, న్యూరెంబర్గ్‌కు దగ్గర్లో, ఔరాక్ అనే చిన్న ఏటి ఒడ్డున హెర్జోగెనౌరాక్ అని ఒక చిన్న పట్టణం ఉంది. క్రీడల బూట్లు, దుస్తుల వ్యాపారంలో ప్రపంచమంతా తెలిసిన అడిడాస్, ప్యూమా కంపెనీల ప్రధాన కార్యాలయాలు రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. కొన్ని దశాబ్దాల పాటు ఇక్కడ ఎవరైనా ఎదురుపడితే ముందు మొహం చూసేవారు కాదట, కాళ్లు చూసేవారట. వేసుకున్న బూటును బట్టి మాట కలపాలో వద్దో తేలేది. అందుకే దీనికి 'మెడలు వంచిన ఊరు' అని పేరు పడింది.

ఊరిని అలా రెండుగా చీల్చినది ఇద్దరు అన్నదమ్ములు. వాళ్లలో చిన్నవాడు ఆడాల్ఫ్ డాస్లర్. ఇంట్లోనూ ఊళ్లోనూ అందరికీ ఆడి. ఆ ముద్దుపేరుకు ఇంటిపేరులోని మొదటి ముక్క 'డాస్' కలిస్తే అడిడాస్. రోజంతా ఆటల గురించే కలగంటాను అనే ఇంగ్లిష్ వాక్యానికి ఇవి పొడి అక్షరాలని చాలామంది నమ్ముతారు కానీ, అది తర్వాత పుట్టిన చమత్కారమే.

చేతిలో ఏమీ లేకుండా మొదలుపెట్టి కంపెనీ కట్టిన మనుషుల జాబితాలో ఆడి పేరు తరచూ వినిపిస్తుంది. ఆ మాట నిజమే. కాకపోతే ఆయన అలా మొదలుపెట్టింది ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి చేతులు ఖాళీ చేసింది మొదటి ప్రపంచ యుద్ధం. రెండోసారి సగం ఖాళీ చేసింది సొంత అన్న. ఈ రెండింటి మధ్య ఉన్న పన్నెండేళ్ల నాజీ కాలాన్ని మాత్రం విజయగాథలు రాసేవాళ్లు సాధారణంగా ఒక్క వాక్యంలో దాటేస్తారు. నిజానికి ఆ రెండో ఆరంభం అర్థం కావాలంటే ఆ పన్నెండేళ్లూ తెలియాలి.

ఉతుకుడు గదిలో కార్ఖానా

ఆడి 1900 నవంబర్ 3న పుట్టారు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి క్రిస్టోఫ్ బూట్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. తల్లి పౌలిన్ ఇంటి వెనక గదిలో ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇచ్చేది. ఉతికి ఇస్త్రీ చేసిన మూటలను ఇంటింటికీ చేర్చే పని ముగ్గురు మగపిల్లలది. ఫ్రిట్జ్, రుడాల్ఫ్, ఆడిలను ఊళ్లో బట్టలవాళ్ల పిల్లలనే పిలిచేవారు.

బూట్ల పనిలో జీతం ఎంతో తండ్రికి తెలుసు కాబట్టి చిన్నకొడుకును బేకరీలో పనికి పెట్టాడు. ఆడి ఆ పని నేర్చుకున్నారు కానీ రొట్టెలు కాల్చడం మీద మనసు నిలవలేదు. ఖాళీ దొరికితే పరుగు, ఫుట్‌బాల్, ఈటె విసరడం. ఏ ఆట ఆడినా కాళ్లకు ఉండేది ఒకే రకం బరువైన తోలు బూటు. పరిగెత్తేవాడికీ, దూకేవాడికీ, బంతి తన్నేవాడికీ కాలు చేసే పని ఒకటి కానప్పుడు బూటు మాత్రం ఒకటే ఎందుకుండాలన్న ప్రశ్న ఆయనకు అప్పుడే పట్టుకుంది. ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా అరల నిండా కనిపించేది దానికి జవాబే. ఆ రోజుల్లో చాలామందికి అది అసలు ప్రశ్నగానే తోచలేదు.

1918లో, యుద్ధం ముగిసే నెలల్లో, ఆయన్ను సైన్యంలోకి తీసుకున్నారు. తిరిగొచ్చేసరికి దేశం ఓడిపోయి ఉంది. బట్టలు ఉతికించుకోవడానికి డబ్బులిచ్చే ఇళ్లు లేక తల్లి పని ఆగిపోయింది. ఖాళీ అయిన ఆ ఉతుకుడు గదిలోనే ఆడి బూట్లు కుట్టడం మొదలుపెట్టారు.

తోలు దొరికే రోజులు కావు. సైనికులు వదిలేసిన సామాన్లను ఏరి తెచ్చేవారు. హెల్మెట్ల లోపలి తోలు, రొట్టె పెట్టుకునే సంచుల తోలు అడుగుభాగాలకు పనికొచ్చేవి. పారాచూట్ల పట్టుగుడ్డ ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పులకు సరిపోయేది. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని తోలు చెక్కే యంత్రాన్ని ఒక సైకిలుకు బిగించారు. ఒకరు కూర్చుని పెడల్ తొక్కుతుంటే యంత్రం తిరిగేది. పరుగు బూట్ల అడుగున బిగించే మేకులను ఊళ్లోని కమ్మరి కుటుంబానికి చెందిన స్నేహితుడు కొలిమిలో కాల్చి సాగగొట్టి ఇచ్చేవాడు.

1923లో అన్న రుడాల్ఫ్ వచ్చి చేరాడు. జర్మనీలో డబ్బు చిత్తుకాగితాలతో సమానమైన ఏడాది అది. మరుసటి ఏడాది జూలై 1న 'డాస్లర్ సోదరుల బూట్ల ఫ్యాక్టరీ' అధికారికంగా నమోదైంది. మనస్తత్వంలో ఇద్దరికీ పొంతన లేదు. తమ్ముడు మితభాషి, బల్ల ముందు కూర్చుంటే లేవడు. అన్న గొంతు పెద్దది, నలుగురిలో కలిసే రకం. ఒకరు తయారీ, ఒకరు అమ్మకం. పోటీ మొదలయ్యేదాకా ఇంతకంటే మంచి పొత్తు ఉండదు. పదీ పన్నెండు మందితో రోజుకు సుమారు 50 జతలు తయారయ్యేవి. కొన్నాళ్లకు ఉతుకుడు గది చాలక రైల్వే స్టేషన్ దగ్గర ఒక భవనంలోకి మారారు.

ఆడి అమ్మకాల కోసం వెతుక్కున్నది దుకాణదారులను కాదు, ఆటగాళ్లను. తన బూటు వేసుకుని పరిగెత్తినవాళ్లను కాలు ఎక్కడ నొప్పి పెట్టిందో అడిగేవారు. తిరిగొచ్చిన బూటు ఏ వైపు అరిగిందో చూసేవారు. జర్మన్ అథ్లెటిక్స్ కోచ్ యోసెఫ్ వైట్సర్‌తో స్నేహం అలా కుదిరిందే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో, మహిళలకు మొట్టమొదటిసారి పెట్టిన 800 మీటర్ల పరుగులో, లీనా రాడ్కె డాస్లర్ బూట్లతో స్వర్ణం గెలిచారు. పరుగు అయ్యాక కొందరు మహిళలు అలసిపోయి కనిపించారన్న నెపంతో ఆ పోటీని ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. బూటు మారినంత వేగంగా నిర్వాహకుల బుర్రలు మారలేదు.

ఊళ్లో పేరొచ్చాక కూడా తనకు తెలిసింది చాలదని ఆడికి అనిపించింది. ముప్పై దాటిన వయసులో పిర్మాసెన్స్ పట్టణంలోని బూట్ల సాంకేతిక పాఠశాలలో చేరారు. బూట్లకు చెక్క అచ్చులు చేసే ఒక మేస్త్రీ కూతురు కేటెతో పరిచయమైంది అక్కడే. 1934లో పెళ్లయింది. ఆమె ఇంటికి మాత్రమే పరిమితం కాలేదు. తర్వాతి కాలంలో కంపెనీకి వచ్చే క్రీడాకారులు, కోచ్‌లు, వ్యాపారుల వ్యవహారాలను ఏళ్ల తరబడి చక్కబెట్టింది ఆమే. తోడికోడళ్ల మధ్య పొసగకపోవడం కూడా ఆ కాలంలోనే మొదలైంది.

పార్టీ కార్డు, ఓవెన్స్ బూటు

1933 మే 1న ముగ్గురు డాస్లర్ సోదరులూ నాజీ పార్టీలో చేరారు. హిట్లర్ అధికారానికి వచ్చి అప్పటికి మూడు నెలలే. కొత్త ప్రభుత్వం యువతను మైదానాలకు తోలింది. అంటే బూట్లకు గిరాకీ. ఆడి హిట్లర్ యువజన సంఘంలో క్రీడా శిక్షకుడిగానూ పనిచేశారు. ఆయనకు రాజకీయాలు పట్టవని, ఆటలే లోకమని తర్వాత చాలామంది చెప్పారు. కావచ్చు. కానీ ఆ లోకానికి సరుకు అందించే హక్కు కావాలంటే పార్టీ కార్డు పనికొస్తుందన్నది ఆయనకు తెలియని విషయమేమీ కాదు.

అదే మనిషి 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో తన స్పైక్ బూట్లను అమెరికా నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్‌కు చేర్చారు. 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్ జంప్, 4x100 రిలే. ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచారు. ఆడి బూట్లు పెట్టెలో పెట్టుకుని ఒలింపిక్ గ్రామానికి వెళ్లారన్న కథకు ఏళ్లు గడిచేకొద్దీ రంగులు చేరాయి. నాజీ ప్రభుత్వాన్ని ధిక్కరించడానికే అలా చేశారని చెప్పేవాళ్లూ ఉన్నారు. అలా అనుకోనక్కర్లేదు. లోకంలో అందరికంటే వేగంగా పరిగెత్తే కాలికి తన బూటు తొడగాలన్న కోరిక బూట్లు చేసేవాడికి ఉండటంలో వింతేమీ లేదు. పార్టీలో చేరడంలోనూ, ఓవెన్స్ దగ్గరికి వెళ్లడంలోనూ ఆయన్ను నడిపించింది ఒకే పట్టుదల అనుకుంటే రెండూ అర్థమవుతాయి. అది పొగడ్తా కాదు, క్షమాపణా కాదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏటా 2 లక్షల జతల దాకా అమ్ముడయ్యేవి. యుద్ధం వచ్చాక ఆడిని సైన్యంలోకి పిలిచారు, ఫ్యాక్టరీకి ఆయన అవసరమని 1941 ఫిబ్రవరిలో వెనక్కి పంపారు. 1943లో రుడాల్ఫ్ వంతు. ఆయనను మాత్రం వెనక్కి పంపలేదు. తనను ఇరికించి తమ్ముడు ఫ్యాక్టరీని చేజిక్కించుకున్నాడన్న అనుమానం ఆయనలో అప్పుడే పాతుకుపోయింది. అదే ఏడాది చివర్లో బూట్ల తయారీ ఆగింది. కుట్టుమిషన్ల చోట వెల్డింగ్ యంత్రాలు వచ్చాయి. ట్యాంకులను పేల్చే 'పాంజర్‌ష్రెక్' ఆయుధానికి ఇక్కడ భాగాలు అతికేవారు. ఆ పనిలో ఫ్రెంచ్ యుద్ధఖైదీలను కూడా పెట్టారు.

1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం ఊళ్లోకి వచ్చింది. ఇక్కడ చేసేది ఆటల బూట్లేనని సైనికులకు కేటె నచ్చజెప్పి ఫ్యాక్టరీని కాపాడిందని ఊళ్లో చెప్పుకుంటారు. అధికారులు డాస్లర్ల ఇంట్లోనే బస పెట్టారు. ఓవెన్స్ వేసుకున్న బూట్లు ఇక్కడివని తెలిశాక వాళ్లే కొనుగోలుదారులయ్యారు. ఆడి మళ్లీ పాతికేళ్ల కిందటిలాగే సైనిక సామాన్లు ఏరుకున్నారు. ఈసారి గుడారాల గుడ్డ, పెట్రోలు ట్యాంకుల రబ్బరు.

అన్న ఇచ్చిన వాంగ్మూలం

యుద్ధం తర్వాత నాజీ పార్టీ సభ్యులందరినీ విచారించి వర్గీకరించే కమిటీలు వచ్చాయి. 1946లో ఆడిని దోషుల వర్గంలో చేర్చారు. అదే ఖాయమైతే కంపెనీ నడిపే హక్కు పోతుంది. ఆయన సాక్షులను తెచ్చుకున్నారు. యూదు మూలాలున్న పొరుగూరి మేయర్ ఒకరు, గెస్టపో అరెస్టు చేయబోతోందని ఆడి ముందే హెచ్చరించి తనను దాచిపెట్టారని చెప్పారు. అమెరికన్లు ఏడాది పాటు నిర్బంధ శిబిరంలో ఉంచి అప్పుడే వదిలిన రుడాల్ఫ్ మాత్రం తమ్ముడికి వ్యతిరేకంగా మాట్లాడారు. తనను పట్టించింది తమ్ముడేనని ఆయన నమ్మకం. ఆయుధాల పని ఆడి ఒక్కడి నిర్ణయమని, తానుంటే ఒప్పుకునేవాణ్ని కాదని చెప్పుకొచ్చారు. దాన్ని ఖండిస్తూ కేటె వాంగ్మూలం ఇచ్చారు. చివరికి 1947లో ఆడిని వెంట నడిచినవారి వర్గానికి దించారు. కంపెనీ చేతిలో మిగిలింది. అన్నతో బంధం మిగల్లేదు.

తగాదాకు మూలం ఏమిటన్నదానికి ఊళ్లో ఎన్ని నోళ్లుంటే అన్ని కథలు. బాంబు దాడి రాత్రి షెల్టర్‌లోకి దిగుతూ ఆడి విమానాలను తిట్టిన తిట్టు తనకే అనుకుని రుడాల్ఫ్ నొచ్చుకున్నారన్నది వాటిలో బాగా ప్రచారమైనది. ఒకే ఇంట్లో రెండు కాపురాలు, ఒకరంటే ఒకరికి పడని తోడికోడళ్లు, యుద్ధం, నిర్బంధం, ఇద్దరికీ ఒకే ఫ్యాక్టరీ. మన ఊళ్లలో పొలం గట్టు దగ్గర పుట్టే అన్నదమ్ముల తగవులు చూసినవాళ్లకు ఇందులో అంతుపట్టని రహస్యమేమీ కనిపించదు.

1948లో ఆస్తి పంచుకున్నారు. రుడాల్ఫ్ ఏటికి అవతలి ఒడ్డున ఉన్న భవనానికి వెళ్లారు. మొదట రూడా అని, తర్వాత ప్యూమా అని పేరు పెట్టారు. కార్మికులు ఎటు వెళ్లాలో తామే తేల్చుకోవాలి. పనితనం తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఆడి దగ్గర ఉండిపోయారు. అమ్మడం తెలిసినవాళ్లలో ఎక్కువమంది రుడాల్ఫ్ వెంట వెళ్లారు. తల్లి రుడాల్ఫ్ పక్షాన, అక్క మేరీ చిన్న తమ్ముడి పక్షాన నిలిచారు.

ఇది ఆడికి రెండో ఆరంభం. ఒక రకంగా మొదటిదానికంటే కష్టమైనది. పాతికేళ్లు తన బూట్లను అమ్మిపెట్టిన మనిషి ఇప్పుడు ఏటికి అటువైపు నుంచి పోటీగా అమ్ముతున్నాడు. 1949 ఆగస్టు 18న, 47 మంది ఉద్యోగులతో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, అడిడాస్ పేరును నమోదు చేశారు. ముందు అనుకున్న 'అడాస్' అనే పేరు అప్పటికే పిల్లల బూట్ల కంపెనీ ఒకటి వాడుతుండటంతో కుదరలేదు.

బూటు పక్కన తోలు సాగిపోకుండా పట్టీలు కుట్టడం పాత అలవాటే. ఆ పట్టీలకు తెల్లరంగు వేస్తే గ్యాలరీ నుంచి, ఫొటోలో కూడా గుర్తుపట్టొచ్చు. పాత కంపెనీలో పట్టీలు రెండు ఉండేవి, అవి ఇద్దరివీ కాబట్టి ఇక వాడలేరు. మూడుతో బూటును నమోదు చేశారు. ఫిన్లాండ్ కంపెనీ కర్హు కూడా మూడు చారలు వాడేది. హెల్సింకి ఒలింపిక్స్ తర్వాత కొద్దిపాటి డబ్బు, రెండు విస్కీ సీసాలు ఇచ్చి వాటి హక్కును ఆడి తీసుకున్నారని చెబుతారు.

1952 నాటి ఆ హెల్సింకి క్రీడల్లోనే భారత ఫుట్‌బాల్ జట్టు, హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. బూట్లు తప్పనిసరి అని భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది ఆ తర్వాతే. ఏ నేల మీద ఏ బూటు అన్న ఆడి ప్రశ్న వేసుకునే స్తోమత అప్పటికి ఎన్ని దేశాలకు ఉందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

బెర్న్‌లో వాన

1954 జూలై 4. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ప్రపంచకప్ ఫైనల్. అవతల హంగరీ. 1950 తర్వాత ఓటమి ఎరగని జట్టు. అదే టోర్నీ తొలి దశలో పశ్చిమ జర్మనీని 8-3తో చితక్కొట్టిన జట్టు. జర్మన్ కోచ్ సెప్ హెర్బెర్గర్‌కు ఒకప్పుడు రుడాల్ఫ్‌తోనే దగ్గర. డబ్బు విషయంలో మాటామాటా పెరిగి ఆయన ఆడి వైపు వచ్చారంటారు. ప్యూమాకు పోయిన అవకాశం అలా అడిడాస్‌కు దక్కింది.

ఆ రోజు వాన కురిసింది. జర్మన్ ఆటగాళ్ల బూట్లు అప్పటి మామూలు బూట్ల కంటే తేలిక. అడుగున ఉండే స్టడ్స్‌ను మరలాగా విప్పి వేరేవి బిగించొచ్చు. బురద నేల కాబట్టి పొడవైనవి బిగించారు. జట్టుతోపాటు ఉన్న ఆడి ఆ ఏర్పాటు దగ్గరుండి చూసుకున్నారు. మొదటి 8 నిమిషాల్లోనే 2-0తో వెనకబడిన జర్మనీ 18వ నిమిషానికి స్కోరు సమం చేసింది. 84వ నిమిషంలో హెల్ముట్ రాన్ మూడో గోల్ కొట్టారు. చివర్లో పుష్కాష్ కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్‌గా కొట్టిపారేశారు.

బూటు ఒక్కటే మ్యాచ్ గెలిపించదు. గోల్‌కీపర్ టోని టూరెక్ ఆపిన బంతులకు స్టడ్స్‌తో సంబంధం లేదు. మరతో బిగించే స్టడ్స్ తామే ముందు చేశామని ప్యూమా అప్పటి నుంచీ వాదిస్తూనే ఉంది. కానీ యుద్ధంలో ఓడి, సిగ్గుతో తల దించుకున్న దేశానికి ఆ రోజు చెప్పుకోవడానికి ఒక కథ కావాలి. ఆ కథలో ఒక చిన్న ఊరి బూట్ల మేస్త్రీకి చోటు దొరికింది. హెర్జోగెనౌరాక్‌కు విదేశాల నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. అన్న కంపెనీని తమ్ముడి కంపెనీ దాటిపోయింది, మళ్లీ వెనకబడలేదు.

కొడుకు తెచ్చిన కొత్త పద్ధతి

ఆ తర్వాతి ఎదుగుదల వేగంగానే జరిగింది. 1963లో బంతులు, 1967లో బెకెన్‌బావర్ పేరుతో ట్రాక్‌సూట్. బూట్ల కంపెనీ క్రీడా దుస్తుల కంపెనీ అయింది అప్పుడే. 1970 మెక్సికో ప్రపంచకప్‌కు నలుపు తెలుపు ముక్కల టెల్‌స్టార్ బంతి. బంతి అనగానే మన పిల్లలు ఇప్పటికీ గీసే బొమ్మ అదే, టీవీ తెరపై స్పష్టంగా కనిపించాలని చేసిన డిజైన్. (ఆ వరసలోని బంతులు కొన్ని తర్వాత మన పక్కనే, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తయారయ్యాయి. 2014, 2022 ప్రపంచకప్‌ల బంతులు అక్కడివే.)

వ్యాపారం నడిచే తీరు మాత్రం ఆడి చేయి దాటిపోయింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పంపిన ఇరవై ఏళ్ల కొడుకు హోర్స్ట్ అక్కడ అథ్లెట్లకు బూట్లు ఉచితంగా పంచాడు. ప్యూమా సరుకు మాత్రం ఓడరేవులోనే చిక్కుకుపోయింది. తర్వాత ఉచితం కాస్తా డబ్బు అయింది. క్రీడాకారులు రూపాయి తీసుకోకూడదన్న అమెచ్యూర్ నిబంధన కాగితం మీద ఉండగానే, 1968 మెక్సికోకి వచ్చేసరికి రెండు కంపెనీలూ కవర్లు అందించే దశకు వెళ్లాయి. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ఫ్యాక్టరీ పెట్టుకున్న హోర్స్ట్ అక్కడి నుంచి తండ్రికి పోటీ కంపెనీ నడుపుతున్నంత పని చేశాడు. ఈత దుస్తుల కోసం అరీనా పేరుతో సొంత బ్రాండే పెట్టాడు. అన్నతో తెగిన చోటే కొడుకుతోనూ పగుళ్లు కనిపించడం ఆడి జీవితంలో పెద్ద విషాదం.

అలాంటప్పుడల్లా ఆయన వెళ్లింది తన బల్ల దగ్గరికే. జీవితకాలంలో పేటెంట్లు, ఇతర డిజైన్ హక్కులు కలిపి దాదాపు 700 ఆయన పేరిట ఉన్నాయి. ఇంత కంపెనీ కట్టిన మనిషిని గొప్ప వ్యాపారి అనలేం. వ్యాపారం మొదట రుడాల్ఫ్, తర్వాత కేటె, హోర్స్ట్ చూసుకున్నారు. ఆయన జీవితాంతం బూట్లే చేశారు. ఒంటిచేత్తో కట్టిన సామ్రాజ్యం అని రాసేవాళ్లు ఆ మూడు పేర్లూ మర్చిపోతారు.

1974 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ జట్టు మూడు చారల జెర్సీలతో దిగింది. ప్యూమాతో ఒప్పందమున్న యోహాన్ క్రూయిఫ్ జెర్సీ మీద మాత్రం రెండే చారలు. అన్నదమ్ముల తగాదా అప్పటికి ఒక దేశపు జట్టు దుస్తుల మీదికే ఎక్కింది. అదే ఏడాది అక్టోబర్ 27న రుడాల్ఫ్ చనిపోయారు. చివరి రోజుల్లో ఇద్దరూ ఒకటి రెండుసార్లు గుట్టుగా కలిశారని అంటారు. అన్న చివరి ఘడియల్లో కబురు వెళ్లినా ఆడి వెళ్లలేదని, క్షమించానని మాత్రం చెప్పి పంపారని కూడా అంటారు.

1978 సెప్టెంబర్ 6న, 77 ఏళ్ల వయసులో, ఆడి డాస్లర్ కన్నుమూశారు. ఊళ్లో ఉన్నది ఒకటే శ్మశానం కాబట్టి ఇద్దరినీ అక్కడే పూడ్చారు, ఒకరిని ఈ కొసన, ఒకరిని ఆ కొసన. 1984లో కేటె, 1987లో యాభై ఒక్కేళ్లకే హోర్స్ట్ పోయారు. 1989లో ప్యూమా, 1990లో అడిడాస్ డాస్లర్ కుటుంబాల చేతుల్లోంచి జారిపోయాయి. రెండు కంపెనీల ఉద్యోగులు కలిసి ఫుట్‌బాల్ ఆడింది 2009 సెప్టెంబర్‌లో. రుడాల్ఫ్ మనవడు ఒకరు ఏటికి ఇవతలకు వచ్చి అడిడాస్‌లోనే న్యాయ విభాగం అధిపతిగా పనిచేశారు.